ఆ ట్రిప్పులో మోగిన పాట

బస్సు ప్రమాదం మీద శాఖాపరమైన విచారణ జరిగితే సాక్షిని మొదట అడిగేది, మీరేం చూశారని. ఉద్యోగంలో చివరి భాగమంతా విచారణలకే సరిపోయిన నేను ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగి ఉంటానో చెప్పలేను. మీరేం విన్నారని అడగాల్సి వచ్చింది మాత్రం ఒక్క కేసులోనే. కొత్తగా ఈ ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి సలహాలడుగుతుంటారు. నా దగ్గర సలహాలు లేవు, ఈ కేసుంది. ఊళ్ల పేర్లు తప్ప మనుషుల పేర్లు చెప్పను. ఏ డిపో అని కూడా అడగొద్దు.

అప్పటికి నా రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది. మామిడి సీజను. నూజివీడు చుట్టుపక్కల ఆ రోజుల్లో రోడ్లు బస్సులవి కావు. ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, ప్లాస్టిక్ ట్రేలు ఎత్తుగా పేర్చుకున్న చిన్న లారీలు. తోటలోంచి వచ్చే మట్టిబాట ఎక్కడ రోడ్డెక్కుతుందో తెలిసిన డ్రైవరు ఒక లెక్క, తెలియనివాడు ఒక లెక్క. నేను చెప్పబోయే డ్రైవరు తెలిసినవాడే.

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు మీదుగా ముసునూరు వెళ్లే సర్వీసు అతనిది. ఆ బస్సును జనం టైముతో గుర్తుపెట్టుకునేవాళ్లు కాదు. పాటల బస్సు అనేవాళ్లు. అతను తన సొంత ఖర్చుతో ఒక పాటల డబ్బా కొని స్టీరింగు పక్కన బిగించుకున్నాడు. పైకప్పుకు రెండు స్పీకర్లు. పొద్దున పూట దేవుడి పాటలు, కాలేజీ పిల్లలెక్కే వేళకు స్టెప్పుల పాటలు, మధ్యాహ్నం ఎండలో పాత సినిమా యుగళగీతాలు. జంక్షన్లో లారీల హారన్ల మధ్య నిలబడి, ముందు బస్సు ఖాళీగా వెళ్తున్నా ఎక్కకుండా ఇతని కోసం ఆగేవాళ్లుండేవాళ్లని అక్కడి కంట్రోలరు చెప్పేవాడు. అనుమతి లేదన్న సంగతి అందరికీ తెలుసు. కలెక్షను బాగుండేది కాబట్టి ఎవరూ తెలిసినట్టు కనపడలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు సంగీతం తెలుసని నాకొక నమ్మకం ఉండేది. చిన్నప్పుడు కొన్నాళ్లు వయొలిన్ నేర్చుకుని మానేశాను. మానేసినవాళ్లకే ఆ నమ్మకం గట్టిగా ఉంటుంది. బెజవాడలో కచేరీ ఉందంటే డ్యూటీ మార్చుకుని వెళ్లేవాణ్ణి. ఆ పాటల బస్సు ఒకసారి ఎక్కాను. నూజివీడు వచ్చేదాకా చెవికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. దిగాక ఏం పాటలొచ్చాయని ఎవరైనా అడిగితే రొద అని చెప్పి ఉండేవాణ్ణి.

డిపోకు కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. ఆ బస్సులో రోజూ వెళ్లే ఒక బ్యాంకు గుమస్తా పాటల గోల భరించలేకపోతున్నామని ఫిర్యాదు చేస్తే, మేనేజరు డ్రైవర్ని పిలిపించి, "రేపట్నుంచి ఆ డబ్బా మోగిందని నాకు తెలిస్తే ఊరుకోను" అన్నాడు. డ్రైవరు సరేనండి అని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున్నే ప్రమాదం జరిగింది.

నూజివీడు దాటి ముసునూరు వైపు వెళ్తుంటే ఎడమ పక్క తోటలోంచి మామిడికాయల ట్రాక్టరు రోడ్డెక్కింది. బస్సు బ్రేకు వేసింది కానీ ఆగలేదు. ట్రాక్టరు వెనక ట్రక్కును పక్క నుంచి కొట్టింది. ట్రేలన్నీ తిరగబడి రోడ్డంతా కాయలే. ట్రాక్టరు నడుపుతున్న రైతుకు ఏమీ కాలేదు. బస్సులో డ్రైవరు వెనక సీట్లో ఉన్న ఒక పెద్దావిడ ముందున్న రాడ్డుకు కొట్టుకుంది. ముంజేయి విరిగింది. అంతకు మించి ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. దెబ్బలు తగలనివాళ్లు దిగి, బుగ్గిలో పడ్డ కాయలు ఏరి రైతుకిచ్చారట. కొన్ని కాయలు ఇవ్వలేదట కూడా.

ఫైలు నా దగ్గరకొచ్చింది. అభియోగం స్పష్టంగా ఉంది. అధికారి హెచ్చరికను ధిక్కరించి, నడుస్తున్న బస్సులో పాటలు పెట్టుకుని, ఆ ధ్యాసలో పడి పక్క నుంచి రోడ్డెక్కిన వాహనాన్ని గమనించలేదు. రుజువైతే రిమూవల్, అంటే ఉద్యోగమే పోతుంది. ఆఫీసు కాగితం మీద అది ఒక్క మాట. అతనికి పెళ్లాం, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు.

గ్యారేజీ వాళ్లు బస్సును పరిశీలించి, పైకప్పుకు స్పీకర్లు ఉన్నాయని, డబ్బా ఉండాల్సిన చోట తెగిన వైర్లు వేలాడుతున్నాయని చెప్పారు. డబ్బా లేదు. 

"యాక్సిడెంటవగానే పీకి దాచేశాడండి, ఇందులో విచారించేదేముంది?" అన్నాడు మేనేజరు.

నేను కూడా అలాగే అనుకున్నాను. డ్రైవర్ని పిలిచి అడిగాను.

"పాటలు పెట్టావా ఆ రోజు?"

"మీరెలా రాసుకున్నా సరేనండి" అన్నాడు.

"నేను రాసుకోవడం కాదయ్యా. పెట్టావా, పెట్టలేదా?"

"అజాగ్రత్త నాదేనండి. దయుంచండి."

ఎన్నిసార్లు అడిగినా అంతే. తప్పు ఒప్పుకుంటాడు, పాట సంగతి ఒప్పుకోడు, కాదనడు. ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. దొరికిపోయాక నోరు పెగలని మనిషి అనుకుని వదిలేశాను.

సాక్షులను డిపోకు పిలిపించాం. క్యాంటీను పక్కనున్న గదిలో కూర్చుని ఒక్కొక్కళ్లనీ అడిగాను. మాటలు టైపు చేయడానికి మా ఆఫీసు అసిస్టెంటు ఒకాయన. మొదట బ్యాంకు గుమస్తా వచ్చాడు.

"పాటలంటారేంటండీ బాబూ, అది డీజే. దరువు గుండెల మీద కొడుతున్నట్టుంది. నా సీటు కింద రేకు అదిరింది."

"ఏ పాట?"

"అవన్నీ ఒకటే కదండీ. మాటలెక్కడ వినపడతాయి వాటిల్లో?"

తర్వాత ఒక అంగన్‌వాడీ టీచరు. రోజూ నూజివీడులో ఎక్కి ముసునూరుకు ముందు ఊళ్లో దిగుతుంది.

"ఆ టైములో దేవుడి పాటలేనండి ఆయన పెట్టేది. వెంకన్న మీద పాట. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాను. ఇంతలో దబ్బుమంది. డ్రైవరు చాలా మంచాయనండి, ఆయన్ని ఏమీ చెయ్యకండి."

"దరువున్న పాట కాదా?"

"పొద్దున పూటా? చచ్చినా పెట్టడండి."

ఆమె వెనకే ఒక కాలేజీ విద్యార్థి. మెళ్లో ఇయర్‌ఫోన్లు వేలాడుతూనే ఉన్నాయి.

"నేను ఇవి పెట్టుకునున్నా సార్."

"అయితే బస్సులో పాట వినపడలేదా?"

"వినపడకూడదనే కదా సార్ పెట్టుకుంది."

"అంటే పాట ఉన్నట్టేగా?"

"ఎప్పుడూ ఉంటుంది కదా సార్. అందుకే సౌండు ఫుల్లు పెట్టా."

చివర ట్రాక్టరు రైతు వచ్చాడు. ముసునూరు పక్కన తోటలున్న మోతుబరి. నష్టపోయినవాడు కాబట్టి గట్టిగానే మాట్లాడాడు. డ్రైవరు హారను కొట్టలేదన్నాడు.

"కొట్టాడని బస్సులో వాళ్లు చెప్పారండి" అన్నాను.

"నాకైతే వినపళ్లేదండి."

ఎందుకడిగానో నాకే తెలియదు, "మీ ట్రాక్టరు మీద పాటలున్నాయా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ట్రాక్టరన్నాక పాటల్లేకుండా ఎట్టా నడుస్తుందండీ? ఆ ఇంజను రొద భరించాలి గదా. మొన్ననే కొత్త బాక్సులు పెట్టించా. తోటలో కాయ కోసేవాళ్లక్కూడా హుషారుగా ఉంటది."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు మాత్రం ఏం?" అని, అప్పుడు ఆగి నా వంక చూశాడు. "నాది సొంత బండి గదండీ" అన్నాడు.

నిజమే. పాట తప్పని ఆయనకెవరూ ఛార్జిషీటివ్వరు. గుమస్తా చెప్పిన దరువు ఎక్కడిదో నాకు కొద్దిగా అనుమానమొచ్చింది కానీ, అనుమానం మీద రిపోర్టు రాయలేం.

అందరూ వెళ్లాక కాగితాలు చదువుకుంటూ కూర్చున్నాను. ఒకరు దరువన్నారు, ఒకరు వెంకన్న అన్నారు, ఒకరు పాట వినపడకుండా చూసుకున్నానన్నారు. పాట ఉందని మాత్రం ముగ్గురూ చెప్పారు. ప్రమాదం కేసుల్లో బండి రంగు దగ్గర్నుంచి సాక్షులు తేడాగా చెబుతూనే ఉంటారు, అది పెద్ద విషయం కాదు. కానీ ఆలోచనలో పడి తల ఎత్తినప్పుడు, గోడ అవతల క్యాంటీన్లో పాట వస్తోందని గమనించాను. అది ఇప్పుడు మొదలైంది కాదు. పొద్దున నేను గదిలోకి వచ్చేటప్పటికే అక్కడ స్పీకరు మోగుతోంది. మేం సాక్షుల్ని విచారించినంతసేపూ మోగుతూనే ఉండాలి. అంతకు ముందు వచ్చిన పాటేంటో గుర్తు చేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు. అంతకు ముందుదీ రాలేదు.

టైపు చేస్తున్నాయన్ని అడిగాను, "ఇందాకట్నించి క్యాంటీన్లో ఏం పాటలొస్తున్నాయండీ?"

ఆయన టైపు ఆపి విన్నాడు. "పాటలొస్తున్నాయా సార్?" అన్నాడు.

సంగీతం తెలుసనుకునే నాకు ఆ పూట కొంచెం ఇబ్బందిగానే గడిచింది. మనం పాటలు వింటామనుకుంటాం. చాలాసార్లు వినేది పాటను కాదు, ఆ పాట గురించి, దాన్ని పెట్టిన మనిషి గురించి ముందే మనసులో పెట్టుకున్న మాటను. డ్రైవరు మోటు మనిషి అనుకున్న గుమస్తాకు దరువు వినపడింది. మంచాయన అనుకున్న టీచరుకు దేవుడి పాట వినపడింది. ఫైలు విప్పిన రోజున నా బుర్రలోనూ ఒక రొద మోగింది. అది ఆ బస్సులోది కాదు, ఎప్పుడో నేను జేబురుమాలు అడ్డం పెట్టుకుని విన్నది. నిజానికి విననిది.

మర్నాడు ఆ బస్సు కండక్టరును పిలిచాను. ముప్పైల్లో ఉన్న అమ్మాయి. పాటల విషయంలో డ్రైవరుతో ఆమెకు పడదని డిపోలో అందరికీ తెలుసు. ప్రమాదం రోజున స్పాటుకు వెళ్లిన మా మనిషికి, పాటలు వస్తున్నాయని ఆమె చెప్పినట్టు సంతకం కూడా ఉంది. మేనేజరు ఆమె సాక్ష్యం మీద చాలా ధీమాగా ఉన్నాడు.

"ఆ పాటలంటే నాకు పడదు సార్" అని మొదలుపెట్టింది. "టికెట్ టికెట్ అని అరిచి అరిచి గొంతు పోతుంది. ఇంటికెళ్లేసరికి తలనొప్పి. మీరేమైనా పాటల బండి నడుపుతున్నారా, బస్సు నడుపుతున్నారా అని ఎన్నిసార్లో దెబ్బలాడా."

"ఆ రోజు పాటలున్నాయా?"

వెంటనే ఉన్నాయంటుందనుకున్నాను. ఆమె టికెట్ మిషను పట్టీ సర్దుకుంది.

"ఆ రోజు నేను అరవలేదు సార్."

"అంటే?"

"జంక్షన్లో బయల్దేరిన దగ్గర్నుంచి మామూలు గొంతుతోనే టికెట్లిచ్చా. ఆ పెద్దావిణ్ణి ఆసుపత్రిలో చేర్పించి బయట బల్ల మీద కూచున్నాక అనుకున్నా, ఇంత జరిగింది, నాకివాళ తలనొప్పి రాలేదేంటా అని. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. నిన్న అందరూ పాటలు పాటలు అంటుంటే అర్థమైంది."

"మరి పాటలు వస్తున్నాయని సంతకం పెట్టారుగా?"

"స్పాటుకొచ్చినాయన, పాటలు పెడతాడా అన్నాడు. రోజూ పెడతాడండీ అన్నా. ఆయన పెట్టాడని రాసుకున్నాడు. నేను చదవకుండా పెట్టా సంతకం."

"ఇది మీరు చెప్పకపోయినా నడిచేది" అన్నాను. ఆమె ఏమంటుందో చూద్దామనే అన్నాను.

"నడిచేది సార్. కానీ తలనొప్పి రాలేదు కదా" అంది.

ఆ మధ్యాహ్నమే చెయ్యి విరిగిన పెద్దావిణ్ణి చూడ్డానికి నూజివీడు వెళ్లాను. గాయపడ్డ మనిషిని విచారణకు పిలవడం బాగుండదని అప్పటిదాకా వదిలేశాం. బజారులో వాళ్లది మామిడి తాండ్ర కొట్టు. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. తాండ్ర వాసనతో పాటు మెట్లెక్కాలి. ఆవిడ కట్టు వేసిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పగానే కోడల్ని పిలిచి కాఫీ తెమ్మంది.

"ఆ రోజు బస్సులో ఏ పాట వస్తోందో గుర్తుందా అమ్మగారూ?"

"ఏ పాటా రావట్లేదు. అదే కదండీ గొడవంతా" అంది.

నేను కాగితం తీశాను. ఆవిడే చెప్పుకుంటూ పోయింది.

"ముసునూరు దగ్గర మాకో చిన్న తోటుంది. సీజన్లో పచ్చడి కాయలు నేనే వెళ్లి చూసుకుంటా. వెళ్తే ఆ బస్సులోనే వెళ్తా. డ్రైవరు వెనక సీటు, పైన స్పీకరు. కొత్త పాటలకి నాకు మాటలు తెలియవు. అయినా తోట దాకా నోట్లో ఆడుతుంటాయి. ఆ రోజు ఎక్కాను, పాట లేదు. ఊరు దాటాక పెడతాడనుకున్నా. దాటినా పెట్టలేదు. కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి. రోజూ మోగుతాయేమో అవి, నాకెప్పుడూ వినపళ్లేదు. ఇక ఉండబట్టలేక ముందుకు వంగి, ఏం నాయనా ఇవాళ పాటల్లేవేంటి అన్నాను."

"అతనేమన్నాడు?"

"పెద్దవాళ్లు పలకరిస్తే మొహం చూడకుండా జవాబు చెప్పడు పాపం. ఇలా వెనక్కి తిరిగాడు. తీసేశానండి మామ్మగారూ అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే ట్రాక్టరొచ్చింది."

కాఫీ వచ్చింది. నేను తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"బస్సులో అందరూ పాటలున్నాయంటున్నారండీ" అన్నాను.

"కరెంటు పోతే టీవీ చూసేవాడికి తెలుస్తుంది గానీ నిద్రపోయేవాడికేం తెలుస్తుందండీ?" అంది. చేతి కింద దిండు సర్దుకుని, "ఇంట్లో నేను పాట పెడితే పక్కగదిలోంచి సౌండు తగ్గించమంటారు. తప్పు లేదు, వాళ్ల పనులు వాళ్లవి. కానీ తగ్గిస్తే అది పాటెందుకవుతుంది, గుసగుస అవుతుంది. బస్సులో అయితే ఎవరూ అనరు" అంది.

నేను లేవబోతుంటే ఆవిడే మళ్లీ అంది. "డ్రైవరుతో మాట్లాడరాదని నా కళ్లెదురుగానే బోర్డుంది. చదువొచ్చినదాన్నే. చదివే మాట్లాడాను. అలాగే రాసుకోండి. ఆ అబ్బాయి మీద లేనిపోనివి పెట్టకండి."

డిపోకు తిరిగొచ్చి డ్రైవర్ని పిలిపించాను. సస్పెన్షన్లో ఉన్నా రోజూ గేటు దగ్గరకొచ్చి నిలబడుతున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. గదిలోకి రాగానే, "డబ్బా ఎప్పుడు తీశావు?" అన్నాను.

అతను తలెత్తాడు. "ఎవరు చెప్పారండి?"

"తాండ్ర కొట్టు పెద్దావిడ."

"ఆవిడ్ని అడిగారా?" అని, ముఖం అటు తిప్పుకున్నాడు. "మేనేజరు గారు మోగకూడదన్న సాయంత్రమే తీసేశానండి. వైర్లు కోసి డబ్బా ఇంటికి పట్టుకెళ్లా. స్పీకర్లంటే నిచ్చెనేసి విప్పాలి, తర్వాత చూద్దాంలే అని వదిలేశా."

"ఇంత సంగతి ముందే చెప్పడానికేం?"

"పాటల్లేవంటే, మరెందుకు చూసుకోలేదంటారు. మామ్మగారు పలకరించారంటే ఆవిణ్ణి ఇక్కడికి లాక్కొస్తారు. చెయ్యి విరిగినావిడ. మీవల్లే అయిందంట కదా అని రేపు ఇంట్లోవాళ్లు ఆవిణ్ణి బస్సెక్కనిస్తారా? పాట మీదకి తోసేస్తే పాటకేమవుద్దండీ?"

"పాటకేం కాదు. నీకు ఉద్యోగం పోతుంది."

అతనికి ఆ సంగతి తెలియదు. ఇంక్రిమెంటు పోతుందనుకున్నాడట. కుర్చీ చూపిస్తే అప్పటిదాకా కూర్చోనివాడు మెల్లగా కూర్చున్నాడు. మంచినీళ్లు తెప్పించాను. తాగి, ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని, "అయినా ఆవిడ మాట రాయకండి సార్" అన్నాడు.

ఆవిడ రాయమంది, ఇతను వద్దన్నాడు. మధ్యలో నా ఉద్యోగం నిజం రాయడం. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గాలని నేను పెద్దగా మథనపడలేదు, దాన్ని గొప్పగా చెప్పుకోను. ఉన్నది రాశాను. పాటల అభియోగం రుజువు కాలేదన్నాను. ప్రయాణికురాలి మాటకు బదులిస్తూ డ్రైవరు ఒక్క క్షణం చూపు తిప్పాడన్నాను. ట్రాక్టరు మీద పాటల మోత వల్ల హారను వినపడకపోయి ఉండొచ్చన్నాను. పెద్దావిడ మీద ఏ తప్పూ మోపకుండా వాక్యం రాయడానికి మాత్రం ఒక సాయంత్రం పట్టింది.

మేనేజరు రిపోర్టు చదివి నన్ను పిలిచాడు. నొచ్చుకున్నట్టే ఉన్నాడు.

"ముగ్గురు పాట ఉందన్నారు. లేదన్నది ఇద్దరు. మీరు ఇద్దరి మాట పట్టుకున్నారు."

"ఒకళ్లు డీజే విన్నారు, ఒకళ్లు వెంకన్న పాట విన్నారు. రెండూ ఒకేసారి వేసే డబ్బా ఇంకా రాలేదండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. "అయితే నేను చెప్పిన సాయంత్రమే తీసేశాడన్నమాట" అన్నాడు చివరికి. నేను బయటికొచ్చేటప్పుడు కూడా ఆ పేజీయే చూస్తున్నాడు. చెప్పిన మాట విన్న మనిషి మీద, మాట వినలేదని అభియోగం రాసింది తనేనన్న సంగతి ఆయన చేత అనిపించడం నా పని కాదు.

ఉద్యోగం నిలబడింది. చూపు తిప్పినందుకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. కొన్నాళ్లు విస్సన్నపేట వైపు వేసి, తర్వాత మళ్లీ పాత రూటుకే పంపారు. తోటి ఉద్యోగులు రెండు రకాలుగా అన్నారు. అనవసరంగా తవ్వానని ఒకాయన, చూపు తిప్పిన సంగతి కూడా మింగేసి ఉంటే పూర్తిగా బయటపడేవాడని ఇంకొకాయన. నాలో వచ్చిన మార్పంటూ ఉంటే అది చిన్నది. ఇంట్లో పొద్దున్నే పెట్టుకునే వయొలిన్ రికార్డింగును ఒకరోజు మా ఆవిడ ఆపేస్తే, పేపరు పూర్తయ్యేదాకా నాకు తెలియలేదు. అప్పట్నుంచి పేపరు చదివేటప్పుడు సంగీతం పెట్టడం మానేశాను.

రిటైరైన తర్వాత వచ్చిన సీజన్లో, ముసునూరులో తెలిసినవాళ్ల తోటలో రసాలు కోస్తున్నారంటే నూజివీడులో ఆ బస్సే ఎక్కాను. పైకప్పున స్పీకర్లున్న చోట నాలుగేసి మేకు రంధ్రాలు మిగిలున్నాయి. బస్సు నిశ్శబ్దంగా మాత్రం లేదు. నా ముందు సీట్లో ఫోన్లో ఒకాయన క్రికెట్ కామెంటరీ వింటున్నాడు. పక్క సీట్లో ఒకామె సీరియల్ చూస్తోంది. వెనకెక్కడో చిన్న చిన్న వీడియోలు, ఒక్కోదానికి ఒక్కో పాట ముక్క, పూర్తికాకుండానే ఇంకోటి. కండక్టరు నన్ను గుర్తుపట్టింది.

"అన్నిటికీ కలిపి అరవాల్సొస్తోంది సార్ ఇప్పుడు" అంది టికెట్ ఇస్తూ. "ఒక పాటే నయం."

ముందు వైపు చూశాను. డ్రైవరు వెనక సీట్లో ఆ పెద్దావిడ ఉంది. చెయ్యి మామూలుగానే ఉంది. ముందుకు వంగి, రాడ్డు మీద గడ్డం ఆనించి కూర్చుంది. మాట్లాడుతోందేమోనని చూశాను. పెదాలు కదలడం లేదు. డ్రైవరు కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, అతని మెడ మాత్రం కొంచెం కొంచెం ఊగుతోంది.

కండక్టరు నా చూపు ఎటు పోతోందో గమనించింది. "ఆవిడ ఎక్కినప్పుడే ఆయన అలా పాడుకుంటాడండి. మిగతా రోజుల్లో లేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కూనిరాగం కూడా కేసేనా సార్?" అంది.

"నేను రిటైరయ్యానమ్మా" అన్నాను.

నా సీట్లోంచి ఏమీ వినపడటం లేదు. లేచి, సంచీ భుజానికి తగిలించుకుని, మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు వెళ్లి రాడ్డు పట్టుకున్నాను. వెనక్కి చూస్తే నా సీట్లో అప్పుడే ఎవరో కూర్చున్నారు. ముసునూరు దాకా నిలబడే వెళ్లాను.